అరికాలి మీద నల్లమచ్చ: ముందు ఏది, తర్వాత ఏది?

మూడేళ్ల క్రితం మా బరంపురంలో ఒక సభ్యుల ఇంట పెళ్లి జరిగింది. ముత్తయిదువల కాళ్లకు పసుపు రాస్తున్న పిల్ల, పెళ్లికూతురి నాయనమ్మగారి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. మడమ కింద రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉంది. "ఏం లేదే, ఆనెకాయ. ఏడాదిన్నరగా ఉంది" అన్నారావిడ. అప్పటికే ఆనెకాయ పట్టీలు వేసి చూశారు. ఒకచోట పైపైన గీకించారు కూడా. గీకిన ముక్కను ఎవరూ పరీక్షకు పంపలేదు, పారేశారు.

పెళ్లయిన వారానికి పెద్ద ఆసుపత్రికి వెళితే అది కేన్సర్ అని తేలింది. ఆ కుటుంబం "పేరు వద్దు గాని, సంగతి నలుగురికీ చెప్పండి" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము. ఆవిడతో పాటు ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెబుతున్నాం.

ఏమిటీ జబ్బు?

మన చర్మానికి రంగునిచ్చే కణాలు ఉంటాయి. వాటిలో పుట్టే కేన్సర్‌ను మెలనోమా అంటారు. తెల్లవారిలో ఇది ఎక్కువ, అక్కడ ఎండ ముఖ్య కారణం. మనలాంటి చామనఛాయ వారిలో మెలనోమా చాలా అరుదు. అయితే వచ్చినప్పుడు ఎండ తగలని చోట్ల, అంటే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద ఎక్కువగా వస్తుంది. దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు.

మనవళ్ల టీషర్టుల మీద కనిపించే జమైకా గాయకుడు బాబ్ మార్లేకు వచ్చింది ఇదే. 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది. అంతకుముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. అది పాకి 1981 మే 11న ఆయన పోయారు. అప్పటికి 36 ఏళ్లే.

ఇది చాలా వేషాలు వేస్తుంది. ఆనెకాయలా, పులిపిరిలా, గోరు కింద గడ్డకట్టిన రక్తంలా, షుగర్ ఉన్నవారికి మానని పుండులా కనిపిస్తుంది. కొన్నిసార్లు నలుపే ఉండదు, ఎర్రగా ఉంటుంది. అలాగని ప్రతి మచ్చకూ భయపడనక్కరలేదు. మన వంటి రంగువారికి చాలా గోళ్లలో సన్నని గోధుమ గీతలు ఉండడం మామూలే. ఒకే గోటిలో గీత కొత్తగా వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు దాటి పక్క చర్మంలోకి పాకినా, అరికాలి మచ్చ పెరుగుతున్నా, పుండు మానకున్నా చర్మ డాక్టరుకు చూపించాలి.

మొదటి ముక్క విలువ

చర్మ డాక్టరు డెర్మోస్కోప్ అనే దీపమున్న భూతద్దంతో చూస్తారు. మన అరికాలు దున్నిన పొలంలా ఉంటుంది, చాళ్లూ గట్లూను. మామూలు పుట్టుమచ్చలో నలుపు ఎక్కువగా చాళ్లలో ఉంటుంది. మెలనోమాలో గట్ల మీద ఉంటుంది. అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. వీలైతే మచ్చ మొత్తాన్ని సన్నని అంచుతో తీస్తారు. మచ్చ పెద్దదైతే మందంగా ఉన్నచోట నుంచి లోతుగా ఒక ముక్క తీస్తారు.

పెథాలజిస్టు ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి జబ్బు ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. అమెరికా డాక్టరు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో ఈ పద్ధతి చెప్పారు కనుక దీన్ని బ్రెస్లో మందం అంటారు. తర్వాత జరిగే ప్రతి నిర్ణయానికీ ఆ అంకె ఆధారం. మా నాయనమ్మగారికి మిగిలిన మచ్చలో 3 మిల్లీమీటర్లు వచ్చింది. గీకి పారేసిన భాగంతో కలిపితే అసలు ఎంతో ఎవరూ చెప్పలేకపోయారు. ఏడాదిన్నర పోయింది, దానితో పాటు ఆ అంకె కూడా పోయింది.

ఒకే బల్ల చుట్టూ

మాలో చాలామందిమి గుమాస్తాలుగా చేసి రిటైరైన వాళ్లం. ఆఫీసులో ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోతుంది. ఒక్కొక్కరు ఒక్కో నోట్ రాస్తారు. పై సెక్షను అడిగిన కాగితాన్ని కింది సెక్షను ఎప్పుడో చించేసి ఉంటుంది. అరుదైన జబ్బుకు అలా జరిగితే మనిషే పోతాడు. అందుకే పెద్ద కేన్సర్ ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు అని ఉంటుంది. చర్మ డాక్టరు, కేన్సర్ సర్జన్, పెథాలజిస్టు, స్కానింగ్ డాక్టరు, ప్లాస్టిక్ సర్జన్, మందులిచ్చే ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే ఫైలు చూస్తారు. ముందు ఏది, తర్వాత ఏది అని అక్కడే తేలుస్తారు.

ఆ వరస ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాం. ఈ జబ్బు పాకితే సాధారణంగా ముందు గజ్జల్లోని గ్రంథికి చేరుతుంది. మచ్చ దగ్గర కొద్దిగా రేడియోధార్మిక మందు, నీలిరంగు ఎక్కిస్తారు. అది మొదట ఏ గ్రంథికి చేరుతుందో చూసి, ఆ గ్రంథిని మాత్రం తీసి పరీక్షిస్తారు. దీన్ని సెంటినల్ నోడ్ పరీక్ష అంటారు. మందం 1 మిల్లీమీటరు దాటితే సాధారణంగా దీన్ని సూచిస్తారు. మచ్చను వెడల్పుగా కోసే ఆపరేషన్‌లోనే ఈ పని కూడా జరగాలి. ముందే వెడల్పుగా కోసేస్తే ఆ దారులు చెదిరిపోతాయి, పరీక్షను అంతగా నమ్మలేం.

ఎంత వెడల్పు కోయాలో మందాన్ని బట్టి ఉంటుంది. 1 మిల్లీమీటరు లోపైతే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు తీస్తారు. మడమ మీద 2 సెంటీమీటర్లంటే మాటలు కాదు, రేపు ఒళ్లంతా ఆనేది అక్కడే. అందుకే కోయడానికి ముందే ప్లాస్టిక్ సర్జన్ బల్ల దగ్గర ఉండాలి. మా ఆవిడకు పాదం లోపలివైపు చర్మాన్ని జరిపి మడమ కట్టారు. గోరు కింద వచ్చినవారికి ఒక్కోసారి వేలు కొంత తీయవలసి వస్తుంది.

ఆవిడ గ్రంథిలో కొద్దిగా జబ్బు దొరికింది. పూర్వమైతే గజ్జల్లోని గ్రంథులన్నీ తీసేవారు, దానివల్ల కొందరికి జీవితాంతం కాలు వాచేది. అలా అన్నీ తీసినందువల్ల ఆయుష్షు పెరగడం లేదని 2017లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. ఇప్పుడు చాలామందికి అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ వస్తున్నారు.

మందుల సంగతి

పాకిన జబ్బుకు, కొందరికి ఆపరేషన్ తర్వాత కూడా, ఇమ్యూనోథెరపీ ఇస్తారు. కేన్సర్ మన రక్షణ కణాలకు వేసిన పగ్గాన్ని ఈ మందు విప్పుతుంది. ఈ దారి కనిపెట్టినందుకు జేమ్స్ అలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎండ వల్ల వచ్చే మెలనోమాకు పనిచేసినంతగా అరికాలి మెలనోమాకు పనిచేయడం లేదు. ఖరీదూ ఎక్కువే. విప్పిన రక్షణ కణాలు పేగులను, ఊపిరితిత్తులను, థైరాయిడ్‌ను కరవవచ్చు. ఈ మందు వాడేవారికి విరేచనాలో ఆయాసమో వస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. ముక్కలో బీరాఫ్, కిట్ అనే జన్యువుల మార్పు ఉందేమో చూస్తారు. ఉంటే వాటికి మాత్రలున్నాయి. ప్రతి లాభానికీ నష్టానికీ మధ్య ఆ కుటుంబం ఎంచుకోవలసినది చాలా ఉంటుంది. వివరంగా అడగడానికి మొహమాటపడకూడదు.

మన చేతిలో ఉన్నది

నెలకోసారి అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు చూసుకోండి. పెద్దవాళ్లు వంగలేరు, పిల్లలు చూడాలి. గోళ్ల రంగు, గోరింటాకు, పారాణి లేనప్పుడు చూడాలి. అరికాలి మీద ఏదీ బ్లేడుతో గీకించకండి. ఎక్కడ ఏ ముక్క తీసినా "పరీక్షకు పంపుతున్నారా?" అని అడగండి. రిపోర్టుతో పాటు ఆ ముక్క ఉన్న మైనపు దిమ్మనూ స్లైడ్లనూ అడిగి తెచ్చుకుని దాచండి. పెద్ద ఆసుపత్రి వారు వాటిని మళ్లీ చూస్తామంటారు.

"మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?" అన్నది రెండో ప్రశ్న. ఒడిశావారికి కటక్‌లో ఆచార్య హరిహర సంస్థ, కర్ణాటకవారికి బెంగళూరు కిద్వాయ్, తమిళనాడువారికి చెన్నై అడయార్, మహారాష్ట్రవారికి ముంబై టాటా మెమోరియల్ ఉన్నాయి. యానాంవారికి విశాఖలోని హోమీ భాభా ఆసుపత్రి దగ్గర. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏ ఖర్చుకు వర్తిస్తుందో మొదటి రోజే కనుక్కోండి.

ఇంకొక్క మాట. మన పెద్దవాళ్లు బజారులో ఒడియా, కన్నడం, తమిళం, మరాఠీ బాగానే మాట్లాడతారు. నొప్పి, భయం మాత్రం తెలుగులోనే చెప్పగలరు. డాక్టరు గదిలోకి వారితో పాటు రెండు భాషలూ వచ్చినవారు ఒకరు వెళ్లాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే మీ ఊరి తెలుగు సంఘానికి చెప్పండి. మా దగ్గరైతే మేము వెళుతున్నాం.

నాయనమ్మగారు మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్లి వస్తున్నారు. మొన్న ఉగాదికి సంఘం మెట్లు మెల్లగా ఎక్కి వచ్చారు. చెప్పులు విప్పగానే పిల్లలను పిలిచి, "మీ నాన్నమ్మల కాళ్లు చూశారటర్రా?" అని అడిగారు.