ఏడాదికి ఒకే పగలు, ఒకే రాత్రి

తూర్పున వెలుగురేఖ పొడచూపగానే ఫజ్ర్, సూర్యుడు అస్తమించగానే మగ్రిబ్. మన ఇళ్లలో నమాజు వేళలు, సహరీ, ఇఫ్తార్ అన్నీ సూర్యగమనాన్ని అనుసరించే సాగుతాయి. మరి సూర్యుడు సంవత్సరానికి ఒక్కసారే ఉదయించే చోట మనిషి దినచర్య ఎలా సాగుతుంది? అక్కడ ఒక విశ్వాసి ఉంటే ఐదు పూటల నమాజును ఎలా నెలకొల్పుతాడు? ఇది కేవలం ఊహాజనితమైన ప్రశ్న కాదు. అలాంటి చోట 1957 నుంచి ఏటా మనుషులు నివసిస్తూనే ఉన్నారు.

అది దక్షిణ ధ్రువంపై అమెరికా నిర్వహిస్తున్న అముండ్సెన్-స్కాట్ పరిశోధనా కేంద్రం. సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున, దాదాపు 2,700 మీటర్ల మందం గల మంచుపై నిలిచి ఉంది. సెప్టెంబరులో అక్కడ ఉదయించిన సూర్యుడు మార్చిలోనే అస్తమిస్తాడు. వేసవిలో సుమారు 150 మంది ఉంటారు. ఫిబ్రవరి మధ్యలో చివరి విమానం వెళ్లిపోయాక నలభై మందికి పైగా మాత్రమే మిగులుతారు. అక్టోబరు చివరి దాకా సాధారణంగా రాకపోకలుండవు. అంతటి చలిలో విమానాలు దిగడం ప్రమాదకరం. 1982 జూన్‌లో అక్కడి ఉష్ణోగ్రత మైనస్ 82.8 డిగ్రీలకు పడిపోయింది.

తొలినాటి కట్టడాలు క్రమంగా మంచులో కూరుకుపోయాయి. అందుకే 2008లో ప్రారంభమైన నేటి భవనాన్ని స్తంభాలపై నిలిపారు. గాలికి కొట్టుకొచ్చే మంచు దాని కిందుగా సాగిపోతుంది. మంచు పేరుకొనే కొద్దీ భవనాన్ని పైకి లేపే ఏర్పాటు కూడా ఉంది.

చుట్టూ మంచే ఉన్నా అక్కడ నీరు అపురూపం. జనరేటర్లు విడిచే వేడితో నీటిని కాచి మంచు లోతులకు పంపుతారు. అది మంచును కరిగించగా ఏర్పడిన మడుగు నుంచి నీటిని పైకి తోడుతారు. ఇందుకు కావలసిన ఇంధనమంతా ఎంతో దూరం నుంచి రావాలి. కనుక స్నానం వారానికి రెండుసార్లు, రెండేసి నిమిషాలు మాత్రమే. వుజూలోనూ నీటిని వృథా చేయరాదన్న బోధను ఎరిగిన మనకు ఈ క్రమశిక్షణ కొత్తదేమీ కాదు. దానిని మనం ఎంతవరకు పాటిస్తున్నామన్నదే ప్రశ్న.

రాత్రింబవళ్లు మారని చోట నిద్ర దెబ్బతింటుంది, మనసు కుంగుతుంది. అందుకే ఆ కేంద్రంలో సూర్యుని ప్రమేయం లేకుండా, న్యూజిలాండ్ గడియారాన్ని అనుసరించి పని, భోజనం, విశ్రాంతి సాగుతాయి. రాకపోకలు, సరఫరాలు ఆ దేశం మీదుగా జరగడమే ఇందుకు కారణం.

ఈ వివరాలు చదువుతున్నప్పుడు మాకు సహీహ్ ముస్లింలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దజ్జాల్ కాలంలో ఒక దినం సంవత్సరమంత ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు, ఆ దినంలో ఒక్కరోజు నమాజులు సరిపోతాయా అని సహాబాలు అడిగారు. సరిపోవనీ, వేళలను అంచనా వేసుకొని చేయాలనీ ఆయన (స) బోధించారు. ఆ దినం ఎంత దీర్ఘమైనదన్నది కాక, అందులో తమ నమాజు సంగతేమిటన్నదే వారికి ముఖ్యమైంది. ఈ బోధ ఆధారంగానే ధర్మవేత్తలు ధ్రువప్రాంతాల వారికి మార్గం చూపారు. రేయింబవళ్లు స్పష్టంగా ఏర్పడే సమీప ప్రాంతపు వేళలను అనుసరించాలని కొందరు, మక్కా వేళలను అనుసరించవచ్చని మరికొందరు అభిప్రాయపడ్డారు.

మరి ఖిబ్లా? దక్షిణ ధ్రువం నుంచి ఎటు అడుగు వేసినా అది ఉత్తరమే. అయినా మార్గం మూసుకుపోలేదు. మక్కా దాదాపు 40 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉంది. ఆ రేఖ వైపు ముఖం తిప్పితే ఖిబ్లాకు అభిముఖమైనట్లే. కాళ్ల కింది మంచు మాత్రం ఏటా సుమారు పది మీటర్లు జరుగుతూ ఉంటుంది. అందుకే ప్రతి జనవరి 1న ధ్రువస్థానపు గుర్తును కొత్తగా నాటుతారు.

సూర్యుడు వేళకు గుర్తు మాత్రమే. ఆ గుర్తు కనుమరుగైనా విధి కనుమరుగు కాదు. మన వీధిలో రోజుకు ఐదుసార్లు అజాన్ వినిపిస్తుంది. పగలు తరువాత రాత్రి తప్పక వస్తుంది. కొళాయి తిప్పితే వుజూకు నీరు లభిస్తుంది. ఇన్ని అనుగ్రహాల నడుమ నమాజును వాయిదా వేయడానికి మనం అల్లాహ్ ఎదుట ఏ సాకు చెప్పగలం?