కంపెనీల పెళ్లికి సీసీఐ అక్షింతలు.. ఆ పందిట్లో కొలువులూ ఉన్నాయి!

‘ఫలానా కంపెనీని ఫలానా గ్రూపు కొనేసింది’ అని వార్త చదివి పేజీ తిప్పేస్తుంటాం. కానీ ఆ కొనుగోలు పూర్తవ్వాలంటే తెర వెనక లాయర్లు, ఎకనమిస్టులు, సీఏలు, కంపెనీ సెక్రటరీలు నెలల తరబడి పని చేయాలి. పోటీ చట్టంలో ఈమధ్య వచ్చిన మార్పులు ఆ పనిని ఇంకా పెంచాయి. మరి డిగ్రీ చదువుతున్నవాళ్లకు అందులో చోటెక్కడ?

జామ్ సీసా, బీరు సీసా, దగ్గు మందు సీసా.. మూడూ గాజువే. ఈ మూడింటిదీ ఒకే మార్కెట్టా? మూడు వేర్వేరు మార్కెట్లా? ప్లాస్టిక్ సీసాను కూడా ఇదే లెక్కలో కలపాలా? ‘ఇదేం ప్రశ్న’ అనుకోకండి. ఇలాంటి ప్రశ్నలకు సరైన సమయంలో సరైన జవాబు చెప్పలేకపోతే చేతికొచ్చిన కంపెనీ జారిపోవచ్చు. అలా జారిపోయిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది.

ఒక్క ఫారం.. సుప్రీంకోర్టు దాకా!

హిందుస్థాన్ నేషనల్ గ్లాస్ (హెచ్‌ఎన్‌జీ) దేశంలో గాజు సీసాల తయారీలో అతి పెద్ద సంస్థ. అప్పులు తీర్చలేక 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాన్ని కొనడానికి ముందుకొచ్చిన సంస్థల్లో ఏజీఐ గ్రీన్‌ప్యాక్ ఒకటి. హైదరాబాద్‌లోని సనత్‌నగర్‌లో, భువనగిరిలో దీనికి గాజు ఫ్యాక్టరీలున్నాయి. సీసాల తయారీలో ఇది దేశంలో రెండో స్థానంలో ఉంది. అంటే రెండో పెద్ద కంపెనీ మొదటి పెద్ద కంపెనీని కొంటానంటోందన్నమాట. అలాంటప్పుడు ‘రేపు సీసాల ధర వీళ్లిష్టం వచ్చినట్టు పెంచేస్తే?’ అన్న అనుమానం సహజం. ఆ అనుమానాన్ని పరిశీలించాల్సింది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ).

ఏజీఐ 2022 సెప్టెంబరులో సీసీఐకి ‘ఫారం-1’లో దరఖాస్తు చేసింది. ఇది చిన్న ఫారం. కొనే కంపెనీ, అమ్ముడుపోయే కంపెనీ ఒకే వ్యాపారంలో ఉండి, వాటి ఉమ్మడి మార్కెట్ వాటా 15 శాతం దాటితే సాధారణంగా పెద్దదైన ‘ఫారం-2’ వేయాలి. అందులో వివరాలు చాలా ఎక్కువ ఇవ్వాలి. సీసీఐ అక్టోబరులో ఆ ఫారం-1 చెల్లదని చెప్పింది. కొద్ది రోజులకే రుణదాతల కమిటీ 98 శాతం ఓట్లతో ఏజీఐ ప్రణాళికకు ఆమోదం తెలిపింది. అప్పటికి సీసీఐ అనుమతి లేదు. ఏజీఐ నవంబరులో ఫారం-2 వేసింది. హెచ్‌ఎన్‌జీకి చెందిన రిషికేశ్ ప్లాంటును విడిగా అమ్మేయాలన్న షరతు మీద 2023 మార్చిలో అనుమతి వచ్చింది.

అంతా అయిపోయినట్టే అనిపించింది. కానీ దివాలా చట్టం సెక్షన్ 31(4)లో ఒక వాక్యం ఉంది. ఇలాంటి కొనుగోళ్లకు రుణదాతల కమిటీ ఓటు వేయడానికి ‘ముందే’ సీసీఐ అనుమతి ఉండాలన్నది దాని సారాంశం. పోటీలో ఉన్న మరో సంస్థ ఇండిపెండెంట్ షుగర్ కార్పొరేషన్ ఈ వాక్యాన్నే పట్టుకొని కోర్టుకెక్కింది. ‘ముందే’ అంటే కచ్చితంగా ముందేనా, లేక తర్వాత తెచ్చుకున్నా ఫర్వాలేదా? వివాదమంతా ఇదే.

2025 జనవరి 29న సుప్రీంకోర్టు 2:1 మెజారిటీతో ‘ముందే ఉండాల్సిందే’ అని తేల్చింది. ఏజీఐ ప్రణాళికకు ఇచ్చిన ఆమోదాన్ని కొట్టేసింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి జస్టిస్ ఎస్వీఎన్ భట్టి మన మదనపల్లెవారే. లా విద్యార్థులైతే మెజారిటీ తీర్పునూ, ఆయన తీర్పునూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా ఎలా అర్థం చేసుకోవచ్చో తెలుస్తుంది.

ఈ తీర్పు ఫలితం గమనించండి. ఇంతకుముందు గెలిచిన ఒక్క సంస్థ మాత్రమే సీసీఐ దగ్గరికి వెళ్తే సరిపోయేది అనుకునేవారు. ఈ తీర్పుతో నిర్ణీత పరిమితులు దాటే ప్రతి బిడ్డరూ ముందుగానే వెళ్లాల్సి వచ్చింది. జైప్రకాశ్ అసోసియేట్స్ విషయంలో పోటీపడిన సంస్థలు ఓటింగ్‌కు ముందే సీసీఐ ముందు వరస కట్టాయి. ఒక్క ఫైలు ఉండేచోట నాలుగైదు ఫైళ్లు! ప్రతి ఫైలు వెనకా ఒక టీమ్ ఉంటుంది. ఈ నిబంధనను కొంత సడలించే ప్రతిపాదనతో 2025 ఆగస్టులో దివాలా చట్ట సవరణ బిల్లు లోక్‌సభ ముందుకొచ్చింది. కాబట్టి ఈ అంశం చదివేటప్పుడు తాజా స్థితిని కూడా చూసుకోవాలి.

చట్టం కథ క్లుప్తంగా

ఒకప్పుడు మనకు 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం ఉండేది. కంపెనీ ‘పెద్దది కావడమే’ తప్పన్నట్టు దాని ధోరణి. 2002 నాటి కాంపిటీషన్ యాక్ట్ ఆ చూపు మార్చింది. పెద్దది కావడం తప్పు కాదు, పెద్దరికాన్ని దుర్వినియోగం చేయడమే తప్పు. ఈ చట్టం కింద సీసీఐ చూసేవి ముఖ్యంగా మూడు.

• కుమ్మక్కు ఒప్పందాలు (సెక్షన్ 3): పోటీదారులు కూడబలుక్కొని ధరలు నిర్ణయించడం, టెండర్లు పంచుకోవడం లాంటివి.
• ఆధిపత్య దుర్వినియోగం (సెక్షన్ 4): ఆండ్రాయిడ్ కేసులో 2022లో గూగుల్‌కు పడిన రూ.1,337.76 కోట్ల జరిమానా ఈ కోవలోదే.
• విలీనాలు, కొనుగోళ్లు (సెక్షన్ 5, 6): చట్టం భాషలో వీటిని ‘కాంబినేషన్లు’ అంటారు. 2011 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి.

మొదటి రెండింటిలో తప్పు జరిగాక విచారణ. మూడోదాంట్లో జరగబోయేదాన్ని ముందే అంచనా వేయాలి. అందుకే ఇక్కడ చట్టం ఎంత తెలియాలో, ఆర్థికశాస్త్రం కూడా అంతే తెలియాలి.

కొత్తగా ఏం మారింది?

2023లో చట్టాన్ని సవరించారు. విలీనాలకు సంబంధించిన కీలక మార్పులు 2024 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంటర్వ్యూల్లోనూ, పోటీ పరీక్షల్లోనూ పనికొచ్చేవి ఇవి:

• డీల్ విలువ రూ.2,000 కోట్లు దాటి, కొనబోయే సంస్థకు భారత్‌లో చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే సీసీఐకి చెప్పాల్సిందే. అంతకుముందు ఆస్తులు, టర్నోవర్ మాత్రమే చూసేవారు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. కోట్లమంది వాడుతున్నా వాట్సాప్‌కు ఇక్కడ చెప్పుకోదగ్గ ఆస్తులు, ఆదాయం లేవు. అలాంటి డీల్స్ జల్లెడలోంచి జారిపోకుండా ఈ నిబంధన తెచ్చారు. డిజిటల్ సేవల్లోనైతే ప్రపంచవ్యాప్త యూజర్లలో 10 శాతం మంది ఇక్కడుంటే చాలు.
• మొత్తం గడువు 210 రోజుల నుంచి 150 రోజులకు తగ్గింది. ప్రాథమిక అభిప్రాయానికి 30 పనిదినాలు ఉండేది. ఇప్పుడది 30 రోజులే, ఆదివారాలు కూడా లెక్కలోకే.
• ఫారం-1 ఫీజు రూ.30 లక్షలు, ఫారం-2 ఫీజు రూ.90 లక్షలు అయింది.
• చెప్పకుండా డీల్ పూర్తిచేస్తే ఆస్తులు, టర్నోవర్, డీల్ విలువ.. వీటిలో ఏది ఎక్కువైతే దాంట్లో 1 శాతం దాకా జరిమానా పడొచ్చు.
• రెండు కంపెనీల వ్యాపారాలకు ఎక్కడా పొంతన లేకపోతే ‘గ్రీన్ చానెల్’ ఉంది. దరఖాస్తు అందినట్టు రసీదు రాగానే అనుమతి వచ్చినట్టే.

గడువు తగ్గింది, తప్పుకు ఖరీదు పెరిగింది. కాబట్టి దరఖాస్తు మొదటిసారే సరిగ్గా ఉండాలి. అది తయారుచేయగల మనుషుల విలువ పెరగడానికి కారణం ఇదే.

ఎవరి పని ఏంటి?

లాయర్లకే కదా అనుకునేవారు చట్టంలోని సెక్షన్ 35 చూడండి. సీసీఐ ముందు వాదన వినిపించడానికి లాయర్లతోపాటు చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లకూ అర్హత ఉంది. 2023 సవరణతో ఆర్థికశాస్త్రం, వాణిజ్యం లాంటి రంగాల నిపుణులను అభిప్రాయం చెప్పడానికి పిలిపించుకునే వీలూ కలిగింది.

లా చదివినవాళ్లు: డీల్‌ను సీసీఐకి చెప్పాలా వద్దా తేల్చడం, ఫారం రాయడం, సీసీఐ అడిగిన ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేయడం, అప్పీలుకు వెళ్తే ఎన్‌సీఎల్‌ఏటీలో వాదించడం.

ఎకనమిక్స్ చదివినవాళ్లు: మార్కెట్ హద్దులు గీయడం, వాటాలు లెక్కగట్టడం, విలీనం తర్వాత ధరలు పెరుగుతాయా అని అంచనా కట్టడం. సీసాల ప్రశ్నకు జవాబు చెప్పేది వీళ్లే. 2024 ఆగస్టులో రిలయన్స్-డిస్నీ మీడియా విలీనానికి అనుమతి వచ్చినప్పుడు ‘టీవీ’ అని ఒక్క మాటతో సరిపెట్టలేదు. క్రికెట్ ప్రసారాల్లో ప్రకటనల సంగతి ప్రత్యేకంగా చర్చకొచ్చింది. కొన్ని చానెళ్లను వదులుకుంటామనీ, క్రికెట్ ప్రకటనల రేట్లు అడ్డగోలుగా పెంచబోమనీ కంపెనీలు హామీ ఇచ్చాకే పని జరిగింది.

కామర్స్, సీఏ, సీఎస్ వాళ్లు: ఆస్తులు, టర్నోవర్ పరిమితులు దాటాయో లేదో బ్యాలెన్స్ షీట్ నుంచి తేల్చడం. ఉదాహరణకు కొనబోయే సంస్థకు దేశంలో ఉన్న ఆస్తులు రూ.450 కోట్లకు లేదా టర్నోవర్ రూ.1,250 కోట్లకు మించకపోతే మామూలుగా మినహాయింపు దొరుకుతుంది. కానీ రూ.2,000 కోట్ల డీల్ విలువ నిబంధన వర్తించినప్పుడు ఈ మినహాయింపు పనిచేయదు. ఈ తిరకాసు పట్టుకోవడమే మీ పని.

చేరేదెలా?

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా చదవాలంటే క్లాట్ ద్వారా హైదరాబాద్ నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా వర్సిటీ ఉన్నాయి. ఏదైనా డిగ్రీ అయినవాళ్లకు లాసెట్‌తో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. ఎకనమిక్స్‌లో పీజీ చేసేవారు ‘ఇండస్ట్రియల్ ఆర్గనైజేషన్’, ‘ఎకనమెట్రిక్స్’ పేపర్లను వదలొద్దు. ఈ రంగానికి అవే కాళ్లూ చేతులూ.

సీసీఐ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. యంగ్ ప్రొఫెషనల్స్‌ను కాంట్రాక్టు పద్ధతిలో తీసుకుంటుంది. నోటిఫికేషన్లు దాని వెబ్‌సైట్‌లోనే వస్తాయి. ఆఫీసు ఢిల్లీలో ఉంది, దక్షిణాదికి చెన్నైలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ప్రైవేటు వైపు లా ఫర్మ్‌లు, ఎకనమిక్ కన్సల్టెన్సీలు, పెద్ద కంపెనీల లీగల్ విభాగాలు ఉన్నాయి. మన దగ్గరే మొదలుపెట్టాలనుకుంటే హైదరాబాద్, అమరావతి ఎన్‌సీఎల్‌టీ బెంచ్‌లలో దివాలా కేసులు చూసే న్యాయవాదుల దగ్గర చేరొచ్చు. ఇప్పుడు ఆ కేసులకూ పోటీ చట్టానికీ ముడి పడిందని చూశాం కదా.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లా ఇక్కడ వేలల్లో ఖాళీలు ఉండవు. మంచి ఉద్యోగాలు ఎక్కువగా ఢిల్లీ, ముంబయిల్లోనే ఉంటాయి. మొదట్లో పెద్ద లా వర్సిటీల విద్యార్థులకే పిలుపులు ముందు వస్తాయి. జిల్లా కాలేజీలో బీకాం చదివేవారికి ఈ దారి కొంచెం పొడవు. కానీ రంగం చిన్నది కావడంలో ఓ లాభమూ ఉంది. సొంతంగా నాలుగు ఆర్డర్లు చదివి అర్థం చేసుకున్న అభ్యర్థి ఇంటర్వ్యూలో వెంటనే వేరుగా కనిపిస్తారు.

ఈ వారమే మొదలుపెట్టండి

1. కాగితం మీద ఈ లెక్క వేయండి. ఒక మార్కెట్లో నాలుగు కంపెనీల వాటాలు 40, 30, 20, 10 శాతం అనుకుందాం. ఒక్కోదాన్ని వర్గం చేసి కలిపితే 1600+900+400+100 = 3000. దీన్ని హెచ్‌హెచ్‌ఐ సూచీ అంటారు. చివరి రెండూ కలిస్తే 3400. మొదటి రెండూ కలిస్తే 5400! ఏ విలీనానికి కనుబొమలు ముడిపడతాయో అంకెలే చెబుతాయి.

2. సీసీఐ వెబ్‌సైట్‌లో కాంబినేషన్ల విభాగం తెరవండి. కంపెనీలు ఇచ్చిన సారాంశాలు, సీసీఐ ఆర్డర్లు ఉచితంగా ఉంటాయి. 2025లో విడుదల చేసిన ప్రశ్నలు-జవాబుల పుస్తకమూ అక్కడే దొరుకుతుంది.

3. మీకు తెలిసిన రంగంలోని ఒక ఆర్డర్ ఎంచుకోండి. సిమెంటు, మందులు, ఫుడ్ డెలివరీ.. ఏదైనా సరే. మార్కెట్‌ను ఎలా నిర్వచించారు? పోటీదారులెవరు? షరతులేమైనా పెట్టారా? ఒక్క పేజీలో మీ మాటల్లో రాయండి.

4. మీరైతే మార్కెట్ హద్దు ఇంకెక్కడ గీసేవారో కింద రెండు వాక్యాలు చేర్చండి. మీ సొంత ఆలోచన బయటపడేది అక్కడే.

నెలకు రెండు చొప్పున రాసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఇరవై నాలుగు పేజీలుంటాయి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు రెజ్యూమెతోపాటు వాటిలో బాగా వచ్చిన రెండింటిని జతచేయండి. ‘కాంపిటీషన్ లా అంటే ఆసక్తి’ అని ఎవరైనా రాస్తారు. ఆ ఆసక్తికి రుజువు మీ దగ్గర ఉంటుంది.