తొట్టిమెరవణి రాత్రి, బండలాగుడు పగలు

తెలుగులో దొరికిన తొలి శాసనం కలమళ్లది. రేనాటిని ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో వేయించాడు. ఆ ఊరు కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో ఉంది. అదే మండలంలోని చిలమకూరుకు ఈనాడు సిమెంటు ఫ్యాక్టరీ వల్ల పేరొచ్చింది గానీ, రేనాటి చోళుల శాసనం ఆ ఊళ్లోనూ ఉంది. పిల్లలకు శాసనాలు విసుగే, నిజమే. అయినా పధ్నాలుగు వందల ఏళ్ల కిందట ఇక్కడ తెలుగు రాశారని చెబితే ఒక్క నిమిషమైనా నిలబడి చూస్తారు.

ప్రొద్దుటూరుకు దసరాకే వెళ్లాలి. మామూలు రోజుల్లో అది బంగారం, బట్టల బేరాల ఊరు. ఆ పది రోజులూ ఊరి తీరే మారిపోతుంది. కన్యకాపరమేశ్వరి ఆలయాన్ని అక్కడివాళ్లు అమ్మవారిశాల అంటారు. రోజుకో అలంకారం. ధనలక్ష్మి అలంకారం నాడు కరెన్సీ నోట్లతో చేసిన దండలు, తోరణాలు చూడ్డానికి జనం తోసుకుంటారు. నన్నడిగితే నోట్లకంటే చూడాల్సింది విజయదశమి నాటి తొట్టిమెరవణి. పూలతో, దీపాలతో అలంకరించిన వాహనం మీద అమ్మవారు వీధుల్లోకి వస్తుంది. ముందు బయటి ఊళ్ల నుంచి రప్పించిన వాద్యబృందాలు, వేషాలు, వాటి వెనకే ఊరంతా. మిద్దెల మీద, అరుగుల మీద చుట్టాలు కిక్కిరిసి ఉంటారు. ఆ రాత్రి నిద్ర మాటే ఎత్తరు. పసిపిల్లలతో వెళ్లేవాళ్లు మిద్దె మీద చోటిచ్చే బంధువును ముందే వెతుక్కోవాలి.

పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాసింది ప్రొద్దుటూరులోనే. అక్కడి అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ దాన్ని అల్లాడని చెబుతారు.

ఈ ప్రాంతంలో తిరునాళ అంటే సగం దేవుడిది, సగం ఎద్దులది. బండలాగుడు పోటీల్లో ఎద్దులను వయసు లెక్కన కాదు, పళ్ల లెక్కన విభాగాలు చేస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. అసలు పరీక్ష మాత్రం గీత చివర ఉంటుంది. అక్కడ జతను తిప్పి బండను మళ్లీ కదిలించాలి. ఆ మలుపులో ఒక ఎద్దు ముందుకు దూకి, రెండోది ఆగిపోయిందా, అప్పటిదాకా సంపాదించిందంతా పోయినట్టే. తోలేవాళ్ల కేకలు, దుమ్ము, చుట్టూ ఈలలు. కొలిచేవాడు టేపు పట్టుకుని అడుగులు చెప్పేదాకా ఎవరూ కదలరు. పక్కనే చెక్కభజన జరుగుతున్నా ఆ కాసేపు చూసేవాళ్లు తక్కువే.

తిండి దగ్గర మొహమాటం అక్కర్లేదు. పొద్దున ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోసె, లేదంటే ఉగ్గాని, బజ్జి. మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు. కారం మనదేనని మురిసిపోతాం గానీ, మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్లతో మన వైపు వచ్చింది, తురుష్కుల కాలంలో హంగేరీ చేరింది. అక్కడి చిన్న ఊరు కలోచాలో ఎండుమిరప దండలు ఇళ్ల గోడలకు వేలాడుతుంటాయి. అక్కడిదే సెగెద్ ఊరి మిరపకాయల్లోంచే శాస్త్రవేత్త సెంట్-జ్యోర్జి విటమిన్ సి ని పెద్ద మొత్తంలో తీశాడు, 1937లో నోబెల్ అందుకున్నాడు. మన మిరపకాయకు అంత అదృష్టం పట్టలేదు, బజ్జీ అయింది.

జమ్మలమడుగు పక్కన గండికోట ఎలాగూ చూస్తారు. పెన్న కోసిన లోయ అంచున ఫొటో దిగి వచ్చేయకండి. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం దగ్గర దగ్గరే ఉన్నాయి. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ కోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. అక్కడ ఫిరంగులు పోస్తున్న తోటి ఫ్రెంచివాణ్ని చూసి ఆశ్చర్యపోయి ఉంటాడు.

శ్రావణంలో వస్తే వేంపల్లె దగ్గర గండి వీరాంజనేయుడు. శనివారాల్లో జనం పోటెత్తుతారు. రాముడు బాణం మొనతో రాతి మీద హనుమంతుణ్ని గీశాడని, చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందని స్థలకథ. పాపఘ్ని నది దాటే ఆ గండిలో రెండు కొండల మధ్య బంగారు తోరణం ఒకటుందని, చావు దగ్గరపడ్డ పుణ్యాత్ములకే అది కనిపిస్తుందని కూడా అంటారు. ఇక్కడ కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు కనిపించిందట. ఆయన 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. గండిలో దర్శనం చేసుకోండి, పాపఘ్నిలో నీళ్లుంటే పిల్లల్ని ఆడనివ్వండి. కొండల మధ్యకు మాత్రం మరీ తలెత్తి చూడకండి.