బాడీ దింపొచ్చు, ఆర్‌సీ రాదు

సాలూరులో పుట్టి పెరిగినవాళ్ళకి లారీ గురించి పాఠం చెప్పనక్కర్లేదు. విజయనగరం నుంచి సుంకి ఘాటు ఎక్కి కోరాపుట్ మీదుగా బర్గఢ్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ళోంచే వెళ్తుంది. ఆ రోడ్డు మీద బతికే ఊరు కాబట్టి ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా ఛాసిస్ ఏదో, బాడీ ఏదో తెలుసు. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ ఉన్న ఛాసిస్ వస్తుంది. దాని మీద చెక్క కోసి, రేకు కొట్టి, రంగులేసి బాడీ కట్టేది మన షెడ్లలో మేస్త్రీలు. బండి అరిగిపోయినా బాడీ గట్టిగా ఉంటే, కొలతలు కుదిరితే, దాన్ని దింపి ఇంకో ఛాసిస్ మీద ఎక్కించుకోవచ్చు. బాడీతో పాటు పాత ఆర్‌సీ మాత్రం రాదు. ఆర్‌సీ అనేది ఛాసిస్ మీద కొట్టిన నంబరుకి ఇచ్చిన కాగితం. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వంగి చూసేది ఆ నంబరునే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసే మా వీధి అమ్మాయి ఒక మాట అడిగింది. "తాతా, పాత కంప్యూటరు మొత్తం బ్యాకప్ తీసి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెట్టేసినాను. కొత్తదాంట్లో అదే దించేస్తే విండోస్ లైసెన్సు కూడా వచ్చేస్తాది కదేటి?" అంది.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సహకారం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలంటుంది. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు పనికిరావంటుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన మెషీన్లు అలా పక్కకి పోతున్నాయి. కొత్తది కొనేవాళ్ళందరూ పాత సంసారాన్ని అందులోకి తేవాలి.

అమ్మలూ, నువ్వు తీసిన బ్యాకప్‌లో సామాను ఉంది. హక్కు వేరే చోట ఉంది. ముందు సామాను సంగతి చూద్దాం.

నువ్వు తీసింది సిస్టమ్ ఇమేజ్. విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫైళ్ళు అన్నీ కలిపి డిస్కు ఎలా ఉందో అలాగే అచ్చు తీసిన నకలు. దాన్ని కొత్త మెషీన్లో దించితే ఒక్కోసారి చక్కగా లేచి కూర్చుంటుంది. ఒక్కోసారి నీలం తెర వచ్చి "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. 7బి అన్న కోడ్‌తో రిపేరు షాపువాళ్ళకి చిరపరిచితమైన జబ్బు ఇది. దీని వెనక ఉన్న కారణం సరదాగా ఉంటుంది, విను.

స్విచ్ వేయగానే మదర్‌బోర్డులోని చిప్పు డిస్కు నుంచి కొంచెం భాగం చదివి, విండోస్ కెర్నెల్‌ని మెమరీలోకి తెస్తుంది. అక్కడి నుంచి మిగతాది చదువుకోవడం విండోస్ బాధ్యత. చదవాలంటే డిస్కుని అదుపు చేసే కంట్రోలరుతో మాట్లాడే డ్రైవరు కావాలి. పాత మెషీన్లో సాటా డిస్కు ఉండేది కాబట్టి, మొట్టమొదట లేవాల్సిన డ్రైవర్ల జాబితాలో దాని డ్రైవరే ఉంది. కొత్త లాప్‌టాపులో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. చాలా ఇంటెల్ మెషీన్లలో దాని ముందు వీఎండీ అనే మరో కంట్రోలరు ఉంటుంది. దాని డ్రైవరు పాత విండోస్‌కి తెలియదు. విండోస్ తాను కూర్చున్న డిస్కుని తానే చదవలేక ఆగిపోతుంది. విండోస్ 10, 11 ఈ విషయంలో ఎక్స్‌పీ కంటే చాలా నయం. మామూలు కంట్రోలర్ల డ్రైవర్లు వాటి దగ్గర ముందే ఉంటాయి. కొత్త ఇంటికి రాగానే "పరికరాలను సిద్ధం చేస్తున్నాం" అంటూ కాసేపు కూర్చుని సర్దుకుంటాయి కూడా. అయినా వీఎండీ దగ్గర బోల్తా పడే అవకాశం ఉంది.

రెండో చిక్కు డిస్కు మొదట్లో ఉండే విభజన పట్టికది. ఎంబీఆర్ అనే పాత పద్ధతి 1983 నాటిది. అందులో సెక్టార్లను 32 బిట్ల అంకెతో లెక్కపెడతారు. సెక్టారుకి 512 బైట్ల చొప్పున చూస్తే రెండు టెరాబైట్ల దగ్గర ఆ అంకె నిండిపోతుంది. అందుకే జీపీటీ అనే కొత్త పట్టిక వచ్చింది. నేటి లాప్‌టాపులు చాలావరకు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతితో మాత్రమే లేస్తాయి, వాటికి జీపీటీ డిస్కే కావాలి. పాత మెషీన్లో ఎంబీఆర్ ఉంటే, బ్యాకప్ తీసేముందే విండోస్‌లో ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో మార్చుకోవచ్చు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచీ అది ఉంది.

మూడోది మరీ చిన్నది, కానీ అందరినీ ఏడిపిస్తుంది. విండోస్‌తో వచ్చే ఇమేజ్ పద్ధతిలో కొత్త డిస్కు పాత డిస్కు అంతైనా ఉండాలి. పాతది ఒక టెరాబైటు, అందులో వాడింది 120 గిగాబైట్లే అనుకో. కొత్త ఎస్‌ఎస్‌డీ 512 గిగాబైట్లు. చోటు బోలెడుంది కదా అనిపిస్తుంది. విండోస్ మాత్రం కుదరదంటుంది.

ఇక హక్కు దగ్గరికి వద్దాం. విండోస్ 95, 98 రోజుల్లో కీ కొడితే సరిపోయేది. ఒక్క కీతో ఎన్ని మెషీన్లయినా నడిచేవి. 2001లో ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చింది. విండోస్ వేశాక 30 రోజుల్లోపు చేయించుకోవాల్సి వచ్చేది. అప్పుడది మెషీన్లోని ప్రాసెసరు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు వగైరా పది రకాల భాగాల గుర్తులు తీసుకుని ఒక అంకెగా కుదించి, కీతో కలిపి పంపేది. ఇప్పుడూ పద్ధతి అదే. గుర్తుల్లో మదర్‌బోర్డుకి పెద్దపీట వేశారు. మెమరీ పెంచినా, డిస్కు మార్చినా మైక్రోసాఫ్ట్ సర్వరు సాధారణంగా పట్టించుకోదు. బోర్డు మారితే వేరే కంప్యూటరు అంటుంది. మన భాషలో బోర్డే ఛాసిస్.

లాప్‌టాపుతో పాటు కంపెనీ వేసి ఇచ్చే విండోస్ ఓఈఎం లైసెన్సు. అది ఆర్‌సీ లాంటిది. ఆ మెషీనుతోనే పుడుతుంది, మెషీను అమ్మితే దానితోనే పోతుంది, ఇంకో మెషీనుకి రాదు. కంపెనీవాళ్ళే వారంటీలో చెడిన బోర్డు మార్చి ఇస్తే మాత్రం చెల్లుతుంది. విండోస్ 7 రోజుల్లో ఆ కీ లాప్‌టాపు అడుగున స్టిక్కరు మీద ఉండేది. అయిదేసి అక్షరాల గుంపులు అయిదు, మొత్తం ఇరవై అయిదు. ఒడిలోనో బల్ల మీదో రాసుకుని రాసుకుని, వేడికి సిరా చెదిరి, 8 ఏదో బి ఏదో తెలియకుండా పోయిన స్టిక్కర్లు మీ ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంటాయి. 2012లో విండోస్ 8 వచ్చాక కీని బోర్డు మీది చిప్పులోనే రాసేస్తున్నారు. అందుకే కొత్త లాప్‌టాపులో విండోస్ మళ్ళీ వేసినా కీ అడగదు.

విడిగా కొన్న రిటైల్ లైసెన్సు దారి వేరు. అది పర్మిట్ లాంటిది. 1988 మోటారు వాహనాల చట్టం 83వ సెక్షను ప్రకారం, అధికారుల అనుమతితో పర్మిట్‌లో ఉన్న బండి బదులు అదే రకం బండి పెట్టుకోవచ్చు కదా. రిటైల్ లైసెన్సునీ అలాగే నీ కొత్త మెషీనుకి మార్చుకోవచ్చు, కానీ పాతదాంట్లో వాడకం మానెయ్యాలి. ఏక కాలంలో రెండిట్లో నడపకూడదు.

నీది ఏదో తెలుసుకోవడం సులువు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, డీఎల్ఐ అని కొట్టు. చిన్న పెట్టె వస్తుంది. అందులో రిటైల్ అని ఉంటే మార్చుకోవచ్చు, ఓఈఎం అని ఉంటే లేదు. రిటైల్ అయితే అదే మాట చివర డీఎల్ఐ బదులు యూపీకే అని కొడితే పాత మెషీను నుంచి కీ తీసేస్తుంది. అది సర్వరుకి కబురు పెట్టదు, తన దగ్గర మాత్రమే తుడుస్తుంది. కాబట్టి తుడిచేముందు కీ కాగితం మీద రాసుకో. కీ బదులు మైక్రోసాఫ్ట్ సర్వరులో నమోదయ్యే డిజిటల్ లైసెన్సు ఉన్నవాళ్ళు పాత మెషీన్లో ఉండగానే మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి ఉండాలి. 2016లో వచ్చిన సదుపాయం ఇది. కొత్త మెషీన్లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి, హార్డ్‌వేరు ఈ మధ్యనే మార్చానని చెప్పుకోవచ్చు.

నా తీర్పు అడిగితే, కొత్త లాప్‌టాపుకి దాని విండోస్ దానితోనే వచ్చినప్పుడు పాత విండోస్‌ని మోసుకొచ్చి దాని మీద కుదేయడం అనవసరం. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తంతా వెంట వస్తుంది. ఇమేజ్ వృథా పోదు. నువ్వు తీసిన ఫోల్డరులో వీహెచ్‌డీఎక్స్ అన్న తోకతో పెద్ద ఫైలు ఉంటుంది. కొత్త మెషీన్లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే అది ఇంకో డ్రైవులా తెరుచుకుంటుంది. కావలసిన ఫైళ్ళు ఏరుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ప్రోగ్రాములు మాత్రం మళ్ళీ వేసుకోవాలి. మన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో టాలీ ఉంటుంది. దాని లైసెన్సు పద్ధతి విండోస్ కంటే నిక్కచ్చి. పాత మెషీన్లో నెట్టు పెట్టి "సరెండర్ లైసెన్స్" చేసి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. కంపెనీ లెక్కలు డాక్యుమెంట్స్‌లో ఉండవు, టాలీ డేటా ఫోల్డరులో పదివేలు, పదివేల ఒకటి లాంటి అంకెల పేర్లతో ఉంటాయి. డెస్క్‌టాపూ డాక్యుమెంట్సూ మాత్రమే పెన్ డ్రైవులో వేసుకునేవాళ్ళు వాటిని వదిలేస్తారు.

కరపత్రాలు, శుభలేఖలు వేసే డీటీపీ షాపులవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేజీమేకర్‌లో 'అను' అనే పేరున్న తెలుగు ఖతులతో చేసిన ఫైళ్ళు ఇరవై ఏళ్ళవి వాళ్ళ దగ్గర మూలుగుతుంటాయి. ఆ ఖతుల్లో తెలుగు అక్షరాలని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లో కూర్చోబెట్టారు. ఖతి లేని మెషీన్లో ఆ ఫైలు తెరిస్తే పెళ్ళికూతురి పేరు బదులు చుక్కలూ, టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. ఫైలు భద్రంగా ఉన్నా చదవలేం. కాబట్టి ఫైళ్ళతో పాటు ఖతులూ, కీబోర్డు ప్రోగ్రామూ, వాటి సీరియల్ నంబరూ, కొన్న బిల్లూ రావాలి.

యూనికోడ్‌లో రాసినదానికి ఈ బెడద లేదు. అక్కడ తెలుగుకి తనదైన చోటు ఉంది. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఖతి లేకపోయినా ఇప్పటి విండోస్‌లో నిర్మలా ఖతి అదే పాఠాన్ని చూపిస్తుంది. ఆ నిర్మలాలో మన కొండల సవరల కోసం 1936లో మంగేయ్ గమాంగో తయారుచేసిన సొర సొంపెంగ్ లిపి కూడా ఉంది. 2012లో యూనికోడ్‌లో చేరిన ఆ లిపి మైక్రోసాఫ్ట్ ఖతిలో ఊరూరికీ చేరిందని తెలిసినప్పుడు నాకెంత సంతోషమైందో! పాత అను ఫైళ్ళలో విలువైనవి ఉంటే, ఆ మెషీను నడుస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి.

క్రాక్ వేసిన విండోస్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని ఎంత చక్కగా బ్యాకప్ తీసినా అందులో తీసుకెళ్ళడానికి హక్కంటూ లేదు. దొంగ కాపీ అని తెలిసీ వాడితే మన కాపీరైట్ చట్టం 63బి సెక్షను కింద కనీసం ఏడు రోజుల జైలు, యాభైవేల జరిమానా ఉన్నాయి. క్రాక్ వెంట ఏ దొంగ ప్రోగ్రాము వచ్చిందో చూడకుండా దాన్నే కొత్త మెషీన్లోకి దించితే ఆఫీసు బ్యాంకు వ్యవహారాలన్నీ దాని ఎదటే చేస్తున్నట్టు.

అమ్మలూ, పాత కంప్యూటరు ఇంకా ఊపిరితో ఉంది కాబట్టి రేపు పొద్దున్నే ఈ పనులు చెయ్యి. లైసెన్సు ఏ రకమో చూడు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసుకో, అది లేకపోతే డిస్కు విప్పి వేరే మెషీనుకి తగిలించినా లోపలిది చదవలేవు. టాలీ డేటా కాపీ తీసి, కొత్త మెషీన్లో అది తెరుచుకుంటోందని చూశాకే లైసెన్సు సరెండర్ చెయ్యి. కీలన్నీ ఒక కాగితం మీద రాసి ఆఫీసు బీరువాలో లారీల ఆర్‌సీలు పెట్టే ఫైలులోనే పెట్టు. కొత్తదాంట్లో ఒక నెల లెక్కలు మూసేదాకా పాత డిస్కు ఫార్మాట్ కొట్టొద్దు, ఎవరికీ అమ్మొద్దు.