పాట వెనుక కరెంటు రొద

నేను పిల్లలకు వ్యాకరణము చెప్పి యుద్యోగవిరామము పొందిన వాడను. విద్యుచ్ఛాస్త్రము నా విద్య కాదు. అయినను నేటి ప్రసంగము కరెంటును గూర్చియే. మా యింట పాటను పట్టుటకు మేము చేసిన ప్రయత్నములో ఒక రొద యడ్డుపడెను. దానిని వెదకి పట్టుకొనుటకు నాకును నా మనుమనికిని పదునెనిమిది దినములు పట్టెను. ఇప్పుడు పల్లెలలో గూడ పిల్లలు ఇంటిలోనే పాటలను, కథలను ముద్రించుచున్నారు గనుక, ఆ వెదకులాట మీలో కొందరికైన అక్కరకు రావచ్చును.

మా గ్రామము పలాసకు తూర్పున, ఉద్దానపు టిసుకనేలలో నున్నది. చుట్టును జీడితోటలు, కొబ్బరితోటలు; గాలి నెమ్మదించిన రాత్రులయందు సముద్రఘోష వినబడును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మా తీరమును తాకి, కొబ్బరిచెట్లను కరెంటు స్తంభములను ఒక్క తీరుగ నేల గూల్చెను. నాడు కూలిన పశువులశాల తావున తరువాత మేమొక చిన్న గది కట్టించితిమి. నా మనుమడు దాని గోడలకు పాత బొంతలు వ్రేలాడగట్టి, ఒక మైకు, నాలుగు మైకుల శబ్దములను కలుపగల మిక్సరు, ఒక కంప్యూటరు తెచ్చి పెట్టి, దానిని ధ్వనిముద్రణశాల చేసెను.

ఆ గదికి మొదటి యతిథి నాకంటె నాలుగేండ్లు పెద్దవాడైన యొక జముకుల కథకుడు. నే నాయనను అన్నా యనియే పిలుతును. ఉద్దానములో నెన్ని యిండ్లనో పట్టిన మూత్రపిండముల వ్యాధి ఆయనను గూడ పట్టినది. వారమునకు మూడు దినములు పలాసలో డయాలిసిసు. తక్కిన దినములలో నొకటి బడలికకే పోవును. కంఠములో బలముండు దినము వారమున కొకటో రెండో మాత్రమే. ఆయన కథలు ఏ పుస్తకములోను లేవు. ఆయన నోటనే యున్నవి. కావున మాకు తొందర యుండెను.

మొదటి దినము ఒక గంటసేపు పాడెను. మనుమడు దానిని మరల వినిపింపగా ఆయన చెవి యొగ్గి విని, "పంతులుగారూ, నా యెనకాల ఎవులో గురక పెడతన్నారండీ" యనెను. నిజమే. పాటకు క్రింద, ఎడతెగక, గుంయి మనుచు నొక రొద. పాట ఆగినను అది యాగదు.

ఆ రొద యెక్కడిదో ముందు చెప్పవలెను. మన యిండ్లకు వచ్చు కరెంటు ఏటినీటివలె ఒకే దిక్కునకు ప్రవహించునది కాదు. సెకనుకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచుండును. ఆ యూపు ఏ మార్గముననైన శబ్దపు తీగెలోనికి చొరబడినచో మనకు మంద్రస్థాయిలో గుంయిమని వినబడును. దానికి రెట్టింపైన 100, ఆపైన 150 మొదలగునవి గూడ తోడగును. అమెరికాలో కరెంటు సెకనుకు 60 పర్యాయము లూగును. మన యింటి రొదను షడ్జమనుకొన్నచో వారి యింటి రొద సరిగా సాధారణ గాంధారము. ఇది నా మనుమడు లెక్కవేసి చూపినప్పుడు నాకు నవ్వు వచ్చినది. చిన్ననాట మా తండ్రిగారి వాల్వుల రేడియోలో, విశాఖపట్టణము ప్రసారములు వినుచున్నప్పుడు, ఇట్టి గుంయికారమే యుండెడిది. అందులో కరెంటు ఊపును నునుపు చేయు కెపాసిటరు ముసలిదైనప్పుడు ఆ రొద పుట్టునట.

ఇక వెదకుట. నైయాయికులు కారణనిర్ణయమునకు అన్వయవ్యతిరేకములను చెప్పుదురు. ఏది యున్నప్పుడు కార్యముండునో, ఏది లేనప్పుడు కార్యము లేదో, అది కారణము. జీవితమంతయు ఈ మాట పిల్లలకు చెప్పితిని. పని వచ్చినప్పుడు నేనే మరచితిని. మొదట మైకు తీగెపై ననుమానపడి కాశీబుగ్గ పోయి క్రొత్త తీగె కొనితెచ్చితిని. రొద తగ్గలేదు. తరువాత ఒకనాడు పంకా నాపి, ఆ చేతితోనే కంప్యూటరు తీగెను గూడ ఊడదీసితిని. రొద పోయెను! పంకాయే దోషియని నిశ్చయించి, దానిని దింపించి, బాగుచేయువానికి పంపితిని. నాలుగు దినములు చెమటలో గడచినవి. ఒకేసారి రెండింటిని తీసినవానికి ఏది కారణమో యెట్లు తెలియును?

పిమ్మట పలక తీసికొని ఒక్కొక్క దానినే మార్చుచు వ్రాసికొంటిమి. మైకును పూర్తిగా ఊడదీసితిమి: రొద యున్నది. అనగా మైకు, దాని తీగె, పాడువాడు ముగ్గురును నిర్దోషులు. ట్యూబులైటు ఆర్పితిమి: మార్పు లేదు. తిరిగి వచ్చిన పంకా రెగ్యులేటరును ఆపితిమి: రొదలోని జుయ్యిమను చిన్న గరుకు పోయినది కాని గుంయికారము పోలేదు. హెడ్‌ఫోనును నేరుగా మిక్సరునకు తగిలించి, కంప్యూటరునకు పోవు తీగెను విడదీసి వింటిమి: నిశ్శబ్దము. కంప్యూటరును ఒంటరిగా వింటిమి: అదియు నిశ్శబ్దమే. రెండింటిని తీగెతో కలిపినంతనే గుంయి!

నాకు వ్యాకరణము గుర్తునకు వచ్చినది. రెండచ్చుల నడుమ సంధి లేనిచో యడాగమము వచ్చును. ఆ యకారము ముందు పదములోనిది కాదు, వెనుక పదములోనిది కాదు, కూడికలో పుట్టినది. ఈ రొదయు నట్టిదే. దోషము వస్తువులలో లేదు, వానిని కలిపిన తీరులో నున్నది.

తీరు చూడగా నిట్లున్నది. క్రొత్త గదిలో ప్లగ్గు పెట్టు తావు ఒక్కటే. దానికి మిక్సరును తగిలించితిమి. కంప్యూటరునకు పాత యింటి వసారానుండి పొడుగు తీగె లాగితిమి. పాత యింటి ఎర్తు నూతిగట్టు దగ్గర తడినేలలో నున్నది. క్రొత్త గది కట్టినప్పుడు పనివాడు పాత దానితో కలుపక, జీడిచెట్ల క్రింద మిట్టమీద, పొడి యిసుకలో వేరొక గొట్టము దింపి పోయెను.

ఎర్తు అనగా నేలలోనికి త్రోవ. నేల కరెంటును మోయుట తేమవలనను, ఆ తేమలో కరగిన ఉప్పులవలనను జరుగును. అందుకే గొట్టము చుట్టును బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోయుదురు. పొడి యిసుక మోయజాలదు. ప్రతి యంత్రమునుండియు కొంచెము కరెంటు ఎర్తు తీగెలోనికి జారుచుండును. తడినేలలో నది వెంటనే లోనికి పోవును; పొడినేలలో పోలేక నిలిచి, అచ్చటి మట్టము పైకెక్కును. ఒక నూతిలో నీరు పైకిని, వేరొక నూతిలో క్రిందికిని ఉండగా నడుమ కాలువ త్రవ్వినచో ఏమగును? నీరు పారును. మా రెండు ఎర్తుల నడుమ అట్టి కాలువయే మిక్సరునుండి కంప్యూటరునకు పోవు శబ్దపు తీగె. దాని పైతొడుగు లోహము రెండు యంత్రముల ఎర్తులను కలిపినది. పాట పోవలసిన త్రోవలో ఎర్తు కరెంటు పారి, సెకనుకు 50 పర్యాయములు గురక పెట్టినది.

ఇంతవరకు తెలిసికొనగానే మా వీధి కుర్రవాడొకడు, "తాతగారూ, మిక్సరు ప్లగ్గులో ఆ లావు పిన్ను ఊడదీయండి, రొద పోవును, అందరును అట్లే చేయుదురు" అనెను. రొద పోవుమాట నిజమే. కాని దయచేసి ఎవ్వరును అట్లు చేయవలదు. ఈ మాట చెప్పుటకే నేనీ ప్రసంగమున కొప్పుకొంటిని. మన మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను తక్కిన రెండింటికంటె లావును, పొడవును ఎందుకు? కరెంటు రాకముందే ఎర్తు తగులవలెననియు, ఊడదీయునప్పుడు అన్నిటికంటె వెనుక ఎర్తు వదలవలెననియు. యంత్రములో ఏ తీగెయో తెగి రేకుపెట్టెకు తగిలినచో, ఎర్తు లేని పెట్టె కరెంటు పెట్టెయే యగును. దానికి తగిలించిన మైకు చట్టము గూడ. పాడువాడు వట్టికాళ్లతో, చెమటచేతితో దానిని పట్టుకొనును. ఫ్యూజు కరుగుటకు ఆంపియరులు కావలెను. మనిషి ప్రాణము పోవుటకు ఆంపియరులో వేయింట ముప్పది నలువది పాళ్లు చాలును. మా గదిలో మైకు పట్టుకొనువాడు డయాలిసిసు సూదులతో చేయి వాచిన మనిషి. రొద యున్న పాటయైన మరల పాడవచ్చును.

టెక్కలినుండి నాకు తెలిసిన కరెంటు మేస్త్రిని పిలిపించితిని. అతడు మీటరు పెట్టి కొలిచి, క్రొత్త గది ఎర్తు పేరునకు మాత్రమే యున్నదనెను. నూతిగట్టు ఎర్తునుండి లావు రాగితీగె లాగి రెండింటిని ఒకటిగా ముడివేసెను. ఒక యింటికి ఎన్ని ఎర్తులున్నను అవి యన్నియు తమలో తాము కలిసియుండవలెనట. మీటరు దగ్గర ముప్పది మిల్లీ ఆంపియరుల ఆర్.సి.సి.బి. యను రక్షకస్విచ్చిని గూడ పెట్టెను. పోవు కరెంటునకును తిరిగి వచ్చు కరెంటునకును ఆ మాత్రము భేదము కనబడినను అది తటాలున ఆపివేయును. పొడుగు తీగెను తీసివేసి, గదిలోనే ఒక బోర్డు పెట్టి, మిక్సరును కంప్యూటరును ఒక్క బోర్డునకే తగిలించితిమి. నూటికి తొంబది పాళ్లు రొద పోయినది.

మిగిలిన పది పాళ్లకు మరి రెండు పనులు. శబ్దపు తీగెయు కరెంటు తీగెయు గోడవెంట జంటగా పోవుచుండెను. వానిని మూరెడు దూరము విడదీసి, దాటక తప్పనిచోట అడ్డముగా దాటించితిమి. మిక్సరునకును కంప్యూటరునకును నడుమ నుండిన తీగెను మార్చి, మైకు తీగెవలె లోపల రెండు పోగులు గల దానిని వేసితిమి. ఇందు చమత్కారము కలదు. ఒక పోగు పాటను ఉన్నదున్నట్లుగను, రెండవది తలక్రిందుగను మోసికొని పోవును. దారిలో పడు రొద రెండింటిమీదను ఒక్క తీరుగ పడును. గమ్యములో ఒకదానినుండి యింకొకదానిని తీసివేయగా రొద రొదను చంపును, పాట రెట్టింపగును. యంత్రములు రెండును అట్టి తీగెకు తగినవై యుండవలెను. మావి యదృష్టవశమున తగినవే.

కంప్యూటరులోనే రొదను జల్లించివేయు సాధనము లుండగా ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. మనుమడు ముందు దానినే ప్రయత్నించెను. జముకు మంద్రధ్వని గల వాద్యము. చర్మమునకు కట్టిన నరమును బిగించుచు సడలించుచు మీటగా దాని స్వరము లోతుగా జారును. రొద యున్న తావుననే దాని లోతును గలదు. రొదను జల్లింపగా జముకు తగరపుడబ్బావలె పలికినది. అన్న విని, "ఇది నాది కాదు" అనెను.

పంతొమ్మిదవ దినమున ఆయన వచ్చెను. ఆనాడు గొంతు బాగుగనే యుండెను. మూడు గంటలు, నడుమ రెండు విరామములతో, ఒక కథ పూర్తిగా చెప్పెను. వినిపించునప్పుడు ఆయన మొదట పాటను వినలేదు. పాట ఆగిన తావులనే వినెను. జముకు చివరి మీటు సన్నగిల్లి పోయిన తరువాత, వినగా వినగా, గురకకు బదులు ఇంకొక ధ్వని వినబడెను. అది సముద్రము. మూసిన తలుపు సందునుండి వచ్చినది. మనుమడు దానిని గూడ తీసివేయుటకు చేయి చాపగా, "అదుండనీ బాబూ" అనెను. ఇంకను నాలుగు కథలు మిగిలియున్నవి. వచ్చు బుధవారము రెండవది.