యాత్రలో ఒక్క రోజైనా ఖాళీ ఉందా?

ఎండలు ముదురుతున్నాయంటే చాలు, చార్‌ధామ్ యాత్రల కరపత్రాలు మన గుమ్మాల్లోకి వచ్చి పడతాయి. పన్నెండు రోజులు, నాలుగు ధామాలు, తెలుగు భోజనం. అన్నీ ఉంటాయి గానీ, వాన పడితే ఆగడానికి ఒక్క రోజు కూడా ఉండదు.

కొండల్లో వానలు మన పంచాంగం చూసి రావడం లేదు. 2013లో, జూలై మధ్యకు దేశమంతా పరుచుకోవాల్సిన ఋతుపవనాలు జూన్ 16కే పరుచుకున్నాయి. ఆ రెండు రోజుల్లోనే కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సు తెగింది. యాత్రికులు ఆగే రాంబాడా ఊరుకు ఊరే కొట్టుకుపోయింది. వేలమంది పోయారు. మన తెలుగువాళ్ళు ఎందరో రోజుల తరబడి అక్కడ చిక్కుకుంటే, ఇక్కడ టీవీల ముందు అన్నం సయించక కూర్చున్న ఇళ్ళు మీకూ గుర్తుండే ఉంటాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అదంతా ఒక్కసారి కుమ్మరిస్తే కొండ తట్టుకోలేదు. (నది ఒడ్డునే హోటళ్ళు కట్టిన ఘనత మాత్రం మనుషులదే లెండి!)

తర్వాత కొంత మారింది. రాంబాడా నుంచి నదికి అవతలి గట్టున కొత్త బాట వేశారు. యాత్రికుల పేర్ల నమోదు తప్పనిసరి చేశారు. అయినా 2024 జూలై 31 రాత్రి వానకు బాట మళ్ళీ తెగి, చాలామందిని హెలికాప్టర్లలో దింపాల్సి వచ్చింది.

మరి మనల్ని తీసుకెళ్ళే ట్రావెల్స్ వాళ్ళు? మా అత్తయ్య కోసం ఒకాయనకు ఫోన్ చేశాను. "దారి మూస్తే ఏం చేస్తారండీ?" అంటే, "దేవుడున్నాడమ్మా" అన్నాడు. దేవుడు సరే, ఇంకో రాత్రి గది అద్దె ఎవరు కడతారు? యాత్ర ఆగితే డబ్బు తిరిగివ్వరట. చిక్కంతా అక్కడే. ఆ డబ్బు కోసమే డ్రైవరు వానలో బండి తీస్తాడు. మోకాళ్ళు పట్టేసినా మన పెద్దవాళ్ళు "ఇంతదూరం వచ్చాం కదా" అని లేస్తారు. పదకొండు వేల అడుగులు దాటిన ఎత్తు అది, ఊపిరి అందడమే కష్టం. ఖాళీ రోజుంటే ఒంటికీ మంచిదే.

బేరం మనమే ఆడాలి. రెండు రోజులు కలపమనండి, ఆగితే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. నలుగురు కలిసి అడిగితే వాళ్ళూ దిగొస్తారు. వేసవే కానక్కర్లేదు, గుడి భగినీ హస్తభోజనం దాకా తెరిచే ఉంటుంది. దసరా సెలవులకు వానలు తగ్గి ఆకాశం తేటపడుతుంది. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. ఉన్ని మేజోళ్ళు, మంకీ టోపీ మరవకండి.