ఏడు లక్షల పనిదినాల చెరువు

గిజా మహా పిరమిడ్‌ను లక్షమంది ఇరవయ్యేళ్లు కట్టారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయన ఈజిప్టు చూసేనాటికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్లు. విన్న మాట రాశాడు. కట్టిన కాలంనాటి లెక్క 2013లో దొరికింది. ఎర్రసముద్రం ఒడ్డున, వాదీ అల్ జర్ఫ్‌లో బయటపడ్డ పపైరస్‌లలో మెరెర్ అనే అధికారి తన జట్టు తూరా గనుల సున్నపురాయిని పడవల్లో గిజాకు ఎలా చేర్చిందో రోజువారీగా రాసుకున్నాడు.

అలాంటి పని లెక్క ఒకటి కడప జిల్లాలో రాతి మీద ఉంది.

బద్వేలు ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును 1369లో భాస్కర భవదూరుడు కట్టించాడు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకాయన; ఉదయగిరి నుంచి పాలించేవాడు. భైరవాలయం ముందున్న సంస్కృత శాసనం ప్రకారం రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారు. గోడలకు రాయి తోలడానికి నూరు బండ్లు తిరిగాయి. పనికి రెండేళ్లు పట్టింది. ‘రోజూ’ అన్నమాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఏడు లక్షల పనిదినాలు దాటుతాయి.

సుమారు 11 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పున్న చెరువుకు వెయ్యిమంది ఎలా చాలారు? జవాబు చోటు ఎంపికలో ఉంది. తూర్పున కొండల వరుసే గోడ. పడమట నాలుగు గుట్టల మధ్య మూడు ఖాళీలను మాత్రం మట్టికట్టలతో పూడ్చి, కడప రాయి పేర్చారు. మనుషులు వేసిన కట్ట మొత్తం దాదాపు 4,500 అడుగులే. బాగా లోతైన చోట దాని ఎత్తు 33 అడుగులు. పైన 12 అడుగుల వెడల్పుంటే, అడుగున 150. నీళ్లు వదలడానికి తూములు, ఎక్కువైనవి పోవడానికి మరవలు పెట్టారు.

ఇదంతా అనుకోకుండా కుదిరింది కాదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను శాసనమే వరుసపెట్టింది: జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపినీటి నది, దగ్గర్లో పొడవైన రాళ్లు దొరికే గని, పనితనం తెలిసిన కూలీల జట్టు వగైరా. ఆరు దోషాలనూ చెప్పింది. కట్ట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. ఆరోదానికి మట్టితోనూ రాయితోనూ పనిలేదు: చెరువు రెండు రాజ్యాల ఎల్లలో ఉండకూడదు. ఎందుకో తుంగభద్ర నీళ్ల కోసం ఏటా పంచాయితీలు చూసే కర్నూలు రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు.